డెస్క్‌టాప్‌కు తెలుగు నేర్పినవాళ్లు

సికింద్రాబాద్ సాఫ్ట్‌వేర్ చరిత్ర అనగానే కంపెనీల పేర్లే ముందుకొస్తాయి. సత్యం కంప్యూటర్స్ 1987లో మొదలైంది ఈ ఊళ్లోనే. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం నోట సీటీసీ, విడిభాగాలు కొని కంప్యూటర్ కూర్చుకునేవాళ్లకు పెద్ద బజారైంది. మరి అక్కడ కొన్న కంప్యూటర్లో తెలుగు రాసుకోవడం, చదువుకోవడం ఎవరి పుణ్యం? సోర్స్‌కోడును దాచుకోకుండా పదిమందికీ పంచిన కొద్దిమంది ఔత్సాహికులకు ఆ ఘనతలో పెద్ద వాటా దక్కాలని నా వాదన.

1991లో, అన్ని లిపులకూ ఉమ్మడి అమరికగా వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. చోటు దొరికింది కానీ, వాడుక మారడానికి ఏళ్లు పట్టింది. అప్పట్లో అచ్చుపనికి వాడే డీటీపీ ఫాంట్లు తలకట్టునూ కొమ్మునూ ఒత్తునూ ముక్కలు చేసి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఇరికించేవి. ఎవరి అమరిక వారిది. ఒక ఫాంటులో కొట్టిన వాక్యం మరో ఫాంటులో పిచ్చిగీతలయ్యేది. ఈనాడు, వార్త వంటి పత్రికలను తెరమీద చదవాలంటే ఏ పత్రిక ఫాంటు దానికి ఉండాల్సిందే. నాగార్జున వెన్న తయారుచేసిన 'పద్మ' ఈ చిక్కుముడినే విప్పింది. ఫైర్‌ఫాక్స్‌కు జోడించుకునే ఈ చిన్న ప్రోగ్రాము ఆ ముక్కలను పోల్చుకుని, మళ్లీ అక్షరాలుగా కూర్చి, యూనికోడ్‌లో చూపించేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను జీపీఎల్ లైసెన్సుతో అందించారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్ డెస్క్‌టాప్ మెనూలను తెలుగులోకి తెచ్చారు.

విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంటు సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎక్కువమంది ఇళ్లలో యూనికోడ్ తెలుగు కనిపించింది దానివల్లే కావచ్చు. అయితే గౌతమిలో ఒత్తు సరిగా కుదరలేదనిపిస్తే సరిదిద్ది పంచే హక్కు మనకు లేదు. పోతన విషయంలో జీపీఎల్ మనకు ఆ హక్కు ఇస్తుంది. అందుకే అది డెబియన్, ఫెడోరా లినక్స్‌లలోకి అడ్డులేకుండా చేరింది. జీతం లేని పని నిలవదన్నది రెండో ఆక్షేపణ. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా జోడింపులకు తలుపు మూసేసింది. పద్మ కూడా ఆ కోవలోదే. కానీ ఏ ముక్క ఏ అక్షరానిదో చెప్పే పట్టికలు దాని కోడులో బాహాటంగా ఉన్నాయి. ప్రోగ్రాము ఆగినా ఆ విద్యను ఎవరైనా చదివి మరోచోట వాడుకోవచ్చు. కోడు మూసిపెట్టిన కంపెనీ తన ప్రోగ్రామును ఆపేస్తే వాడుకరికి ఆ పాటి ఆధారమూ మిగలదు.

కాబట్టి ఈ జంటనగరాల సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేవారు కంపెనీల పక్కనే ఈ ఔత్సాహికులకూ ఒక అధ్యాయం ఇవ్వాలి. పాత డీటీపీ ఫాంట్లలో చిక్కుకున్న పుస్తకాలు, పత్రికలు మీ దగ్గర ఉంటే, ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచండి.