ఐదు షిల్లింగులకు ఉరి: అంగడి దొంగతనముల చరిత్ర

సంతలో "దొంగ! దొంగ!" అను కేక వినబడినచో ఏమి జరుగునో మనకందరకు తెలిసినదే. ఒకరిద్దరు పరుగెత్తి పట్టుకొందురు. పట్టుకొన్నవారికంటె కొట్టువారు ఎక్కువమంది పోగగుదురు. తక్కినవారు మనకెందుకని తల త్రిప్పుకొని పోవుదురు. పోయిన వస్తువు వెల ఎంత, పట్టుబడినవాడు నిజముగా దొంగయేనా అని అడుగువారు అరుదు. అంగడిలో వస్తువు దొంగిలించిన వానిని ఏమి చేయవలెను? అంగడివాని కర్తవ్యమేమి? చూచినవాని కర్తవ్యమేమి? ఈ ప్రశ్నలు నేటివి కావు. వీనికి ఇంగ్లండు దేశము ఒకప్పుడు చెప్పిన జవాబును, ఆ జవాబు విఫలమైన తీరును పరిశీలించినచో మనకొక పాఠము దొరకును.

రాబర్ట్ గ్రీన్ అను ఆంగ్ల రచయిత 1591లో లండను మోసగాండ్రను గురించి వ్రాయుచు ఈ విద్యను వర్ణించెను. ముగ్గురు కలసి వత్తురు. ఒకడు పెద్దమనిషి వేషములో అంగడిలో ప్రవేశించి, ఆ బట్ట చూపుము, ఈ బట్ట చూపుమని అడుగుచుండును. అంగడివాడు వెనుకకు తిరిగినప్పుడు ఒక తాను రెండవవాని చేతికి పోవును. రెండవవాడు దానిని కిటికీ గుండ వీథిలో పోవుచున్న మూడవవానికి అందించును. అంగడిలోనివారిని వెదకినను వస్తువు దొరకదు.

పదునేడవ శతాబ్ది చివరకు లండనులో వర్తకము వృద్ధియయ్యెను. దానితో దొంగల బెడదయు పెరిగెనని వర్తకులు మొరపెట్టుకొనిరి. 1699లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. అంగడినుండి రహస్యముగా ఐదు షిల్లింగులు గాని, అంతకు మించిగాని వెలగల సరకు దొంగిలించినవారికి ఉరిశిక్ష. ఐదు షిల్లింగులనగా పౌనులో నాల్గవవంతు మాత్రమే. దొంగను పట్టి, నేరము ఋజువు చేయించిన వానికి ఒక పత్రము బహుమానముగా నిచ్చెడివారు. అది ఉన్నవానికి ఊరి ఉద్యోగపు వెట్టిచాకిరి తప్పును. దానిని ఇతరులకు అమ్ముకొనుటకును వీలుండెను. లండనులో ఉరితీయు స్థలము పేరున ప్రజలు దానిని "టైబర్న్ టిక్కెట్టు" అనిరి. అనగా దొంగకు భయము, చూచినవానికి ఆశ. ఈ రెండింటితో దొంగతనము ఆగునని ఆనాటివారు తలచిరి.

చట్టమెంత కఠినముగా నుండెనో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1771లో మేరీ జోన్స్ అను యువతిని టైబర్న్‌లో ఉరితీసిరి. ఆమె భర్తను ప్రభుత్వము బలవంతముగా నౌకాదళమునకు పట్టుకొనిపోయెను. పిల్లలతో వీథిన పడిన ఆమె ఒక బట్టల అంగడిలో కొంత గుడ్డను తన పైవస్త్రము క్రింద దాచెను. అంగడివాడు చూచుటతో దానిని తిరిగి పెట్టివేసెననియు, ఉరికి కొనిపోవునప్పుడు ఆమె చంటిబిడ్డ పాలు త్రాగుచుండెననియు 1777లో సర్ విలియం మెరెడిత్ పార్లమెంటు సభలో చెప్పెను.

అయితే ఇట్లు ఉరికంబమెక్కినవారు కొలదిమందియే. మనుష్యులు చట్టమంత కఠినులు కాలేకపోయిరి. గుడ్డముక్క కొరకు ఒక ప్రాణము పోవునని భయపడి కొందరు వర్తకులు ఫిర్యాదు చేయుటయే మానిరి. సాక్షులు నోరు మెదపకుండిరి. న్యాయస్థానములోని జూరీలు, ఎంతో వెలగల సరకును గూడ, నాలుగు షిల్లింగుల పది పెన్సులే చేయునని తీర్పు చెప్పి దోషిని ఉరినుండి తప్పించిరి. ఇట్టి తీర్పును బ్లాక్‌స్టన్ అను న్యాయశాస్త్రవేత్త ఒక విధమైన పుణ్యపు అబద్ధమని అభివర్ణించెను. శిక్ష ఎంత పెరిగినదో, అది పడుననెడి నమ్మకము అంత తగ్గినది.

ఈ రహస్యమును ఇటలీ దేశస్థుడు బెకారియా 1764లో ప్రకటించిన గ్రంథములో స్పష్టముగా చెప్పియుండెను. నేరమును ఆపునది శిక్ష యొక్క క్రూరత్వము కాదు, అది తప్పదను నిశ్చయము. ఇంగ్లండులో సర్ శామ్యూల్ రోమిలీ ఈ వాదమును చేపట్టెను. ఐదు షిల్లింగుల ఉరిని రద్దు చేయు బిల్లును 1810లో దిగువసభ అంగీకరించెను. ప్రభువుల సభలో అది 11కు 31 ఓట్లతో ఓడిపోయెను. ఎదిరించి ఓటు వేసినవారిలో ఏడుగురు క్రైస్తవ మతాధిపతులు గూడ ఉండిరి. ఉరి లేకున్నచో అంగళ్లకు రక్షణ లేదని వారి భయము. రోమిలీ 1818లో తన విజయమును చూడకయే మరణించెను. 1820లో ఐదు షిల్లింగుల హద్దును 15 పౌనులకు పెంచిరి. 1823లో ఈ నేరమునకు ఉరిశిక్ష పూర్తిగ తొలగెను. ఆరు సంవత్సరములకు, 1829లో, లండను నగరమునకు క్రమబద్ధమైన పోలీసు దళము ఏర్పడెను. ఉరిత్రాటికి బదులు కనిపెట్టి చూచు కన్ను వచ్చినది.

అటుపిమ్మట అంగడి స్వరూపమే మారెను. పూర్వము సరకు బల్లకు ఆవల, కొనువాడు ఈవల. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధములో పారిస్‌లోని బాన్ మార్షే వంటి పెద్ద దుకాణములు ఎవరైనను లోనికి వచ్చి చూడవచ్చునని తలుపులు తెరచెను. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ "పిగ్లీ విగ్లీ" అను దుకాణము పెట్టి, కొనువారే సరకు తీసికొని ద్వారమువద్ద వెల చెల్లించు పద్ధతిని ప్రవేశపెట్టెను. సరకు చేతికందుటతో కొనుట సులువయ్యెను, దొంగిలించుటయు సులువయ్యెను.

దీనికి విజ్ఞానశాస్త్రము ఇచ్చిన జవాబు 1960లలో వెలువడిన చిన్న బిళ్ల. నేడు పెద్ద దుకాణములలో వస్తువులకు అంటించు ఒకరకము బిళ్లలో పలుచని లోహపు రేకు ఉండును. అయస్కాంతక్షేత్రము మారినప్పుడు అది అతి స్వల్పముగా సాగి, ముడుచుకొనును. ద్వారమువద్దనున్న స్తంభము సెకనుకు 58,000 కంపనముల అయస్కాంతక్షేత్రమును కొద్దిసేపు వెదజల్లి ఆగును. గుడిగంటను కొట్టి వదలినను కొంతసేపు మ్రోగునట్లు, స్తంభము ఆగిన తరువాత గూడ రేకు కంపించుచునే యుండును. ఆ నిశ్శబ్దములో దాని కంపనములను గ్రాహకము పసికట్టి గంట మ్రోగించును. వెల చెల్లించినవారి బిళ్లను గుమాస్తా నిర్వీర్యము చేయును. అతడు మరచినచో నిర్దోషి వెళ్లునప్పుడును గంట మ్రోగును. కాబట్టి గంట మ్రోత ఒక ప్రశ్న మాత్రమే. అది సాక్ష్యము కాదు.

యంత్రమట్లుండగా, చూచిన మనిషి ఏమి చేయును? లటానె, డార్లీ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞులు న్యూయార్కు రాష్ట్రములోని ఒక పానీయముల దుకాణములో 96 సారులు దొంగతనమును అభినయింపజేసిరి. గుమాస్తా లోపలికి వెళ్లినప్పుడు ఇద్దరు యువకులు ఒక పెట్టె బీరు ఎత్తుకొనిపోవుదురు. చూచినవారిలో తమంత తాముగా చెప్పినవారు నూటికి 20 మందియే. గుమాస్తా ప్రశ్నించిన మీదట చెప్పినవారిని గూడ కలిపి లెక్కించినను, చూచినవాడు ఒంటరియైనప్పుడు నూటికి 65 సందర్భములలో విషయము బయటపడినది. ఇద్దరున్నప్పుడు, ఎవరో ఒకరు చెప్పినది 56 సందర్భములలో మాత్రమే. విద్యార్థులు దీనిని లెక్కవేసి చూడవచ్చును. ఒకడు చెప్పకుండు సంభావ్యత 0.35. ఇద్దరును ఎవరికి వారే నిర్ణయించుకొన్నచో ఇద్దరును మౌనముగా నుండు సంభావ్యత 0.35 × 0.35, అనగా సుమారు 0.12. కాబట్టి 88 సందర్భములలో చెప్పవలసినది. తగ్గిన భాగము "అతడు చెప్పునులే" అను భావము యొక్క ఫలితమే.

దీనికి విరుగుడును ప్రయోగమే చూపినది. 1975లో మోరియార్టీ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరిశోధనలో, సముద్రతీరమున ఒకడు తన రేడియోను విడిచి వెళ్లును, మరియొకడు దానిని ఎత్తుకొనిపోవును. ప్రక్కవారిని ఏమియు కోరనప్పుడు ఇరువదిమందిలో నలుగురే అడ్డుపడిరి. "నా సామాను కొంచెము చూచుచుండుడు" అని ముందుగా కోరినప్పుడు ఇరువదిమందిలో 19 మంది అడ్డుపడిరి. ఉరి, బహుమానము చేయలేని పనిని ఒక్క మంచిమాట చేసినది.

మన దేశపు చట్టముకూడ ఈ చరిత్రకు వారసురాలే. రోమిలీ తరువాతి తరమువారు రచించిన 1860 నాటి శిక్షాస్మృతిలో సామాన్య దొంగతనమునకు గరిష్ఠ శిక్ష మూడేండ్ల కారాగారము. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చెను. సొత్తు వెల 5,000 రూపాయలకు లోపుగా నుండి, దోషి మొదటిసారి శిక్షకు గురియగుచు, సొత్తును గాని దాని వెలను గాని తిరిగి ఇచ్చినచో అతనికి సమాజసేవ విధింపవలెనని దాని 303వ సెక్షను చెప్పుచున్నది.

కాని చట్టము మెత్తబడినంత మాత్రమున గుంపు మెత్తబడదు. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టప్పాడిలో, తిండిసామానులు దొంగిలించెనను ఆరోపణపై ఒక గిరిజన యువకుని జనము పట్టి, చేతులు కట్టి, కొట్టిరి. అతడు మరణించెను. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానము 14 మందిని దోషులుగా నిర్ణయించెను. ఇంగ్లండు రెండు వందల యేండ్లకు పూర్వము వదలిన మరణశిక్షను ఇచట వీథి విధించినది. అందు విచారణ లేదు, జూరీ చెప్పు పుణ్యపు అబద్ధమును లేదు.

ఇంతకు మన కర్తవ్యమేమి? అంగడివాడు సరకును కంటికెదురుగా అమర్చుకొనవలెను, వచ్చినవారిని పలుకరింపవలెను, అనుమానము కలిగినచో నలుగురిలో నిందింపక ప్రక్కకు పిలిచి మర్యాదగా అడుగవలెను. చూచినవాడు వెంటబడి పట్టుకొననక్కరలేదు. తాను చూచినదానిని, చూచినంతవరకే, గుమాస్తాకు చెప్పవలెను. తప్పు తేలినచో పోలీసులకు తెలుపవలెను. ఎవరైనను చేయి ఎత్తినచో "కొట్టకుడు, పోలీసులను పిలువుడు" అని ముందుగా పలుకువాడు ఒకడు కావలెను. ఇద్దరున్నప్పుడు ఒకడు మరియొకనికై చూచునని ప్రయోగము చెప్పినది కదా! ఆ మొదటి మాట మనమే పలుకవలెను.