మధుమేహం – చక్కెర ప్రత్యామ్నాయాలు

షోలాపూర్ నీలం నగర్‌లో మరమగ్గాలపై దుప్పట్లు, తువ్వాళ్లు నేసే తెలుగు కుటుంబాలకు పనివేళల్లో చాయ అలవాటు. రోజుకు ఐదు చాయలలో రెండేసి చెంచాల చక్కెర వేసుకుంటే 40 నుండి 50 గ్రాముల చక్కెర దేహంలో చేరుతుంది. టైప్-2 మధుమేహం ఉన్నవారికి ఇది భారమే. ఇందుకు బదులుగా లభించేవే కృత్రిమ తీపి పదార్థాలు.

రకాలు: శాకరిన్‌ను 1879లో, ఆస్పర్టేమ్‌ను 1965లో, సుక్రలోజ్‌ను 1976లో కనుగొన్నారు. ఇవి చక్కెర కంటే సుమారు 300, 200, 600 రెట్లు తీపి. స్టీవియా ఆకుల నుండి తీసిన పదార్థానికి మన దేశంలో 2015లో అనుమతి లభించింది. ఆస్పర్టేమ్ వేడికి తీపి కోల్పోతుంది. కనుక పొయ్యి మీద మరిగే చాయలో కాక, కప్పులో పోసిన పిదప కలపాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యువ్యాధి ఉన్నవారు దానిని వాడరాదు.

అపోహలు: బెల్లం, తేనె ప్రత్యామ్నాయాలు కావు, అవి కూడా రక్తంలో చక్కెరను పెంచుతాయి. చక్కెర లేని బొబ్బట్లలోనూ గోధుమపిండి, శనగపప్పు ఉంటాయి. 'షుగర్ ఫ్రీ' మిఠాయిలలో వాడే మాల్టిటాల్, సార్బిటాల్ అధికమైతే కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి.

పరిమితి: ఆస్పర్టేమ్ 'బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు' అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో వర్గీకరించింది. అయితే రోజుకు శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల పరిమితిని నిపుణుల సంఘం అప్పుడు మార్చలేదు. 60 కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు. బరువు తగ్గడానికి ఈ పదార్థాలపై ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది సూచించింది. ఆ సూచన అప్పటికే మధుమేహం ఉన్నవారిని ఉద్దేశించినది కాదు. చాయలో తీపిని క్రమంగా తగ్గించుకోవడం అన్నిటికన్నా మేలు.

ముఖ్య హెచ్చరిక: ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు భోజనం ఆలస్యమైతే చెమటలు, వణుకు, తడబాటుకు లోనుకావచ్చు. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినప్పుడు కృత్రిమ తీపి ఏమాత్రం పనిచేయదు. అప్పుడు మూడు చెంచాల నిజమైన చక్కెరను నీటిలో కలిపి తాగించాలి; 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కనుక ప్రత్యామ్నాయాలు వాడే ఇంటిలోనూ, మగ్గాల షెడ్డులోనూ చక్కెర పొట్లం ఒకటి ఉండి తీరాలి.