కాపరి

‘కాచు’ నుంచి ‘కాపు’, దానినుంచి ‘కాపరి’. గొర్రెల మందను కాచేవాడి పేరే మన చర్చిల్లో పాస్టరుకు ‘సంఘ కాపరి’గా స్థిరపడింది. లాటిన్‌లో పాస్టర్ అన్నా గొర్రెలు మేపేవాడే.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఈ మాటను విడమరిచి చెప్పనక్కర్లేదు. గొల్లకురుమల మంద వెంట నడిస్తే తెలుస్తుంది: కుంటే గొర్రె కోసం కాపరి ఆగుతాడు, అప్పుడే పుట్టిన పిల్లను గొంగడిలో చుట్టి ఎత్తుకుంటాడు. బలహీనమైనవాటిని పట్టించుకోని కాపరులను బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం గట్టిగా నిలదీస్తుంది.

కాబట్టి ఆదివారం ప్రసంగంతో కాపరి పని తీరదు. మంచాన పడ్డ ముసలమ్మ, దుబాయి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి, బాధ చెప్పుకోలేని పిల్ల, వీళ్ల గడప తొక్కాలి, వీళ్ల మాట వినాలి. ఎవరికైనా హాని జరిగితే, చేసినవాడు సంఘంలో పెద్దమనిషే అయినా, కాపరి దెబ్బతిన్నవాళ్ల పక్కనే నిలబడాలి.