243, 244: బుల్లెట్ ఒకటే, తూటాలు రెండు

మన ఊళ్ళల్లో జొన్నచేను కాపలాకి మంచె ఎక్కి వడిసెల తిప్పేవారు, గుర్తుందా? అమెరికా రైతుకీ అలాంటి బెడదలే ఉన్నాయి. తూర్పున గ్రౌండ్‌హాగ్, పడమట రాక్‌చక్, ప్రెయరీ డాగ్. ఇవి పైరు తింటాయి, పొలంలో బొరియలు తవ్వుతాయి. దూరం నుంచి వీటిని కొట్టడాన్ని ఇక్కడ వార్మింట్ వేట అంటారు. దానికి వేగంగా, తిన్నగా పోయే చిన్న బుల్లెట్ కావాలి.

కొన్నేళ్ళ క్రితం పెన్సిల్వేనియాలో ప్రాజెక్టు చేస్తున్నప్పుడు, క్లయింటు ఆఫీసులో ఒక పెద్దాయన వాళ్ళ నాన్నగారి రైఫిల్ చూపించాడు. బ్యారెల్ మీద "244 రెమింగ్టన్" అని ఉంది. "అందరూ 243 అంటారు కదండీ, ఇదేమిటి?" అన్నాను. ఆయన నవ్వి, "అదో పెద్ద కథ" అన్నాడు. ఆ కథే ఇవాళ్టి ముచ్చట.

1955లో రెండు పెద్ద కంపెనీలు ఒకే కొలత బుల్లెట్‌తో రెండు తూటాలు తెచ్చాయి. విన్‌చెస్టర్ తన 308 తూటా ఇత్తడి గొట్టాన్ని మెడ దగ్గర నొక్కి 243 చేసింది. 'ఫీల్డ్ అండ్ స్ట్రీమ్' పత్రికలో తుపాకుల గురించి రాసే వారెన్ పేజ్ అంతకు ముందే ఇలాంటి ప్రయోగాలు చేశాడు. రెమింగ్టన్ 244కి మూలం 257 రాబర్ట్స్ తూటా. ఆ దారి చూపినవాడు కాలిఫోర్నియాకి చెందిన ఫ్రెడ్ హంటింగ్టన్. ఆయన ఆర్‌సీబీఎస్ కంపెనీ పేరులో మొదటి రెండక్షరాలూ రాక్‌చక్ నుంచి వచ్చినవే! పేర్లు వేరైనా రెండిటి బుల్లెట్ మందం 0.243 అంగుళాలే. పైగా 244లో మందు కాస్త ఎక్కువే పడుతుంది.

మరి తేడా ఎక్కడ? తూటాలో కాదు, బ్యారెల్లో. బ్యారెల్ లోపల మెలి తిరిగిన గాళ్ళుంటాయి. అవి బుల్లెట్‌ని బొంగరంలా తిప్పుతాయి. తిరిగితేనే బొంగరం నిలబడుతుంది. బుల్లెట్ పొడవయ్యేకొద్దీ ఇంకా జోరుగా తిరగాలి. విన్‌చెస్టర్ 10 అంగుళాలకి ఒక చుట్టు పెట్టింది. రెమింగ్టన్ 12 అంగుళాలకి ఒకటి పెట్టింది. అందుకే విన్‌చెస్టర్ 80, 100 గ్రెయిన్ల బుల్లెట్లు అమ్మితే, రెమింగ్టన్ 75, 90 దగ్గర ఆగింది.

వార్మింట్ వేటకి రెమింగ్టన్ లెక్క సరైనదే. కానీ కొనేవాడి లెక్క వేరు. ఇంట్లో ఒక్క రైఫిల్‌కే డబ్బుంది. వేసవిలో గ్రౌండ్‌హాగ్‌కీ, శీతాకాలంలో జింకకీ అదే కావాలి. జింకకి 100 గ్రెయిన్ల బుల్లెట్ ఉండాలని అతని నమ్మకం. 90కీ 100కీ మధ్య తేడా అర గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే! ఆ కాస్తతోనే 243 గెలిచింది.

రెమింగ్టన్ తప్పు దిద్దుకుని గాళ్ళని 9 అంగుళాలకి ఒక చుట్టు చేసింది. 1963లో అదే తూటాకి 6 ఎమ్ఎమ్ రెమింగ్టన్ అని కొత్త పేరు పెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. ఒక్క పనికి చక్కగా సరిపోయేది చేయడం కంపెనీ నేర్పు. కొనేవాడికి ఎన్ని పనులున్నాయో అడగడం అంతకన్నా పెద్ద నేర్పు. సాఫ్ట్‌వేర్ రాసే మాకూ ఈ పాఠం అవసరమే.

పాత 244 కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట: పేరు చూసి ఊరుకోకండి. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, శుభ్రంచేసే కడ్డీకి గుడ్డ బిగువుగా చుట్టి లోపలికి తోయండి. ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరిగిందో కొలవండి.

పెద్దాయన నాన్నగారు ఆ 244తో జీవితాంతం గ్రౌండ్‌హాగ్‌లనే కొట్టారట. జింకకి మాత్రం తమ్ముడి 243 అడిగి తెచ్చుకునేవారట!

సెలవు.