పటాన్‌చెరు కావ్యం, తళ్లికోట యుద్ధం

దక్కను సుల్తానులకూ విజయనగరానికీ మధ్య 1565 జనవరి 23న జరిగిన తళ్లికోట యుద్ధాన్ని మతయుద్ధంగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. జెరూసలేం కోసం సలాదీన్‌కూ క్రూసేడర్లకూ జరిగిన పోరు లాంటిదే దక్కనులోనూ జరిగిందని అనుకుంటాం. ఆ మాట నిలవదనడానికి సాక్ష్యం పటాన్‌చెరులోనే ఉంది. ఆ యుద్ధంలో గోల్కొండ పక్షాన దిగిన సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. ఆయన సర్దారు అమీన్‌ఖాన్ ఉన్నది పటాన్‌చెరులో, ఆ సర్దారు సమాధి ఉన్నదీ ఇక్కడే. ఆయన తోటకు నీళ్లు పారించడానికి తవ్వించిందే అమీన్‌పూర్ చెరువు అంటారు. పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చింది ఈ అమీన్‌ఖాన్‌కే. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యంగా దానికి పేరు. కథ భారతంలోది: శాపంతో ముసలివాడైన యయాతి, కొడుకు పూరుడి యవ్వనాన్ని అడిగి పుచ్చుకున్న వైనం. మతం కోసమే కత్తి దూసిన రాజ్యమైతే, దాని సర్దారు ఇలాంటి కథకు కృతిపతి అయ్యేవాడు కాదు.

కవులు డబ్బు కోసం ఎవరినైనా పొగుడుతారు కదా అనవచ్చు. పొగుడుతారు. కానీ గోల్కొండలో పొగడ్తే కావాలంటే పారసీ కవులకు కొదవ లేదు. ఇచ్చేవాడు తెలుగు పద్యం కోరుకున్నాడంటే, తన పేరు ఈ ఊళ్ల జనం నోట నిలవాలని ఆశపడ్డాడన్నమాట. దీనికంటే బరువైన అభ్యంతరం విజయనగర రాజధాని హంపీ. గెలిచిన సేనలు ఆ నగరాన్ని దోచి పాడుచేశాయి, గుళ్లనూ వదల్లేదు. సుల్తానుల చరిత్రకారులు దాన్ని మత విజయంగానే రాసుకున్నారు. ఆ విధ్వంసాన్ని తక్కువ చేసి చెప్పడం తప్పు. అయితే గెలిచాక రాసుకున్న గొప్పలు యుద్ధానికి కారణం కావు. అన్న జంషీద్‌కు భయపడి పారిపోయిన ఇబ్రహీం దాదాపు ఏడేళ్లు తలదాచుకున్నది విజయనగరంలో, అక్కడ అధికారం చెలాయిస్తున్న అళియ రామరాయల దగ్గరే. ఆ రామరాయలు ఒక సుల్తానును మరొకడి మీదికి ఎగదోసి కోటలు, రాబడి గుంజుకున్నాడు. కోయిలకొండ, పానగల్లు కోటలను గోల్కొండే వదులుకోవలసి వచ్చింది. నిన్నటిదాకా కొట్టుకున్న సుల్తానులను కలిపింది రామరాయల మీది కోపమే. అసలు సలాదీన్ సంగతీ అంతే. 1187లో హత్తీన్ దగ్గర క్రూసేడర్లను ఓడించడానికి ముందు పన్నెండేళ్లకు పైగా ఆయన ఎక్కువగా పోరాడింది సాటి ముస్లిం పాలకులతోనే. 1174లో డమాస్కస్, 1183లో అలెప్పో ఆయన చేతికి వచ్చింది వాళ్ల నుంచే.

ఒక్క సర్దారు అభిరుచిని రాజ్యమంతటికీ అంటగట్టకూడదన్నది న్యాయమైన మాటే. కానీ అమీన్‌ఖాన్ ఒంటరి కాదు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది సాక్షాత్తు ఇబ్రహీం కుతుబ్‌షాకే. కందుకూరి రుద్రకవికి చింతలపాలెం గ్రామాన్ని దానంగా రాసిచ్చిందీ, తళ్లికోటలో పోరాడిందీ ఆ సుల్తానే.