చదరంగపు గళ్ళలో మహాసంఖ్య

తెలుగునాట పండితులు చెప్పుకొను చాటుపద్యమొకటి కలదు. శరము, శశి, వేదము, గగనము వంటి మాటలను అంకెలకు సంకేతములుగా గైకొని, కుడినుండి ఎడమకు పేర్చినచో 18446744073709551615 వచ్చును. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, ఇట్లు రెట్టించుచు 64 గళ్ళు నింపిన మొత్తమిది. అరకులోయలోని చోళ్ళే కాదు, భూమిపై ఏడాది పంటయంతయు చాలదు! తాటియాకుపై అంకె చెదరినచో సంఖ్యయే మారును. పద్యమున మాట చెదరినచో ఛందస్సు పట్టియిచ్చును. లేఖకుని పొరపాటునకు ఇంతకన్న మంచి కాపలా ఏమున్నది?

ఇది ప్రధానసంఖ్యయా? కాదు, చివర 5 ఉన్నది. ఐనను దాని కారణాంకములు చూడదగినవి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 3, 5, 17, 257, 65537, 4294967297 అను వరుసలోనివన్నియు ప్రధానములని తలచెను. 1732లో ఆయిలరు ఆ చివరిదానిని 641 చే నిశ్శేషముగా భాగించి చూపెను, భాగఫలము 6700417. ఆ రెండును మన చాటువులో దాగియున్నవే.

మూడు గళ్ళు విడిచి 61వ గడితో ఆపుడు. వచ్చు 2305843009213693951 నిక్కముగా ప్రధానసంఖ్య. ఉరల్ ప్రాంతపు క్రైస్తవ పురోహితుడు పెర్వూషిన్ 1883లో, యంత్రసహాయము లేక, చేతిలెక్కతోనే దానిని నిరూపించెను.