సైతానుకి పాట రాదు

నాన్న ఆ ఏడు శ్రావణంలో పోయాడు. క్రిస్మస్ ముందు ఆదివారం అమ్మ ఎప్పటిలాగే గుళ్ళో హార్మోనియం పక్కకి వెళ్ళబోయింది. బంధువుల్లో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏడాది తిరక్కుండానే సంతోషం పాటలేంటమ్మా? చూసేవాళ్ళేమనుకుంటారు?" అంది. అమ్మ మారు మాట్లాడలేదు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. పూజ జరిగినంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం బైటికి రాలేదు.

అంతకు రెండేళ్ళ ముందు పిన్ని పోయినప్పుడు బాబాయి నెల తిరక్కుండానే అదే గుళ్ళో డోలక్ వాయించాడు. "పాపం, దుఃఖం మర్చిపోతున్నాడు" అన్నారు అందరూ.

అమ్మకి పాటంటే పండగనాటి ముచ్చట కాదు. పొయ్యి ముందు పాడేది. మిరపకాయలు కోస్తూ పాడేది. జపమాల చెప్పుకుంటూ మధ్యలో పాటలోకి జారిపోయేది. మా ఇంట్లో భక్తికీ సంతోషానికీ మధ్య గోడ ఉండేది కాదు. అందుకే ఆ రోజు ఆపింది పాటొక్కదాన్నే కాదనిపించింది నాకు.

చాలా ఏళ్ళ తర్వాత బింగెన్ హిల్డెగార్డ్ గురించి చదువుతుంటే ఆ మూసుకున్న గొంతే గుర్తొచ్చింది.

హిల్డెగార్డ్ 1098లో జర్మనీలో, రైన్ నదీ ప్రాంతంలో ఒక కులీన కుటుంబంలో పుట్టింది. 1112లో యుట్టా అనే స్త్రీతో పాటు డిసిబోడెన్‌బర్గ్ మఠంలో చేరింది. అది మగ సన్యాసుల మఠం. ఆడవాళ్ళకి దాన్ని ఆనుకుని చిన్న చోటు. 1136లో యుట్టా చనిపోయాక అక్కడి స్త్రీలు హిల్డెగార్డ్‌ని తమ పెద్దగా ఎన్నుకున్నారు. 1150 ప్రాంతంలో, మఠాధిపతి వద్దంటున్నా వినకుండా, ఇరవై మంది దాకా స్త్రీలని వెంటబెట్టుకుని వెళ్ళి రూపర్ట్స్‌బర్గ్‌లో సొంత మఠం పెట్టుకుంది. తన దర్శనాల గురించి గ్రంథాలు రాసింది. వైద్యం గురించి రాసింది. డెబ్బైకి పైగా పాటలు కట్టింది.

ఆమె రాసిన సంగీత రూపకం ఒకటుంది, 'ఓర్దో విర్తూతుం' అని. ఒక ఆత్మ కోసం సద్గుణాలకీ సైతానుకీ మధ్య పోరాటం. సద్గుణాలన్నీ స్త్రీ పాత్రలే, అన్నీ పాడతాయి. సైతానుకి మాత్రం పాట లేదు. అరుపులే! ఆనందం చేతకాకపోవడమే చెడుతనం అని ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు?

ఆ మఠాల్లో పాట అలంకారం కాదు. బెనడిక్ట్ నియమం ప్రకారం పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి కీర్తనలతో ప్రార్థన చెయ్యాలి. రోజంతా పాట చుట్టూనే తిరుగుతుంది. అలాంటి చోట పాట ఆపేస్తే ఏమవుతుంది?

1178లో సరిగ్గా అదే జరిగింది. ఒకప్పుడు శ్రీసభ వెలివేసిన ఒక పెద్దమనిషి శవాన్ని రూపర్ట్స్‌బర్గ్ శ్మశానంలో పూడ్చనిచ్చారు. చనిపోయే ముందు అతను పశ్చాత్తాపపడి సంస్కారాలు పొందాడని హిల్డెగార్డ్ వాదన. మైన్జ్ మతాధికారులు వినలేదు. శవాన్ని తవ్వి బైట పారెయ్యమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. దాంతో మఠం మీద నిషేధం పెట్టారు. పూజ లేదు, సత్ప్రసాదం లేదు, పాట లేదు. ప్రార్థనల్ని తలుపులు మూసుకుని మెల్లగా చదువుకోవాలంతే.

అప్పుడామెకి ఎనభై ఏళ్ళు. సమాధిని తవ్వనివ్వలేదు గానీ, పాట మానెయ్యమంటే తలొంచింది. తలొంచుతూనే ఆ అధికారులకి ఉత్తరం రాసింది. ఏదెనులో ఆదాముకి దేవదూతలతో కలిసి పాడే గొంతుండేదనీ, పాపంతో అది పోయిందనీ, మనుషులు మళ్ళీ పాడుతుంటే ఆ పోగొట్టుకున్న ఆనందం గుర్తుకొస్తుందని సైతాను కంగారుపడతాడనీ రాసింది. న్యాయమైన కారణం లేకుండా దేవుని స్తుతిని ఆపినవాళ్ళకి పరలోకపు పాటలో చోటుండదని హెచ్చరించింది. అంటే, మా నోళ్ళు మూయించిన మీరు ఎవరి పక్షాన ఉన్నారో చూసుకోండి అని!

విషయం ఆర్చిబిషప్ దాకా వెళ్ళింది. చివరికి 1179 మార్చిలో నిషేధం ఎత్తేశారు. సెప్టెంబరు 17న ఆమె చనిపోయింది. తిరిగి తెచ్చుకున్న పాటతో ఆమె బతికింది ఆర్నెల్లే.

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ ఆపలేను. టెంగ్స్‌విచ్ అనే మరో మఠం పెద్ద ఆమెకి రాసిన ఉత్తరం కూడా చదివాను కాబట్టి. మీ మఠంలో పండగ రోజుల్లో కన్యలు జుట్టు విరబోసుకుని, తెల్లటి పట్టు ముసుగులు, బంగారు కిరీటాలు పెట్టుకుని పాడతారట కదా అని అడిగిందామె. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి వేసింది. క్రీస్తు పేద జాలర్లని పిలుచుకున్నాడే, మీరు ధనవంతుల, గొప్పింటి ఆడపిల్లల్నే ఎందుకు చేర్చుకుంటున్నారని. హిల్డెగార్డ్ జవాబేమిటో తెలుసా? ఎద్దుల్నీ గాడిదల్నీ గొర్రెల్నీ మేకల్నీ ఒకే కొట్టంలో ఎవరైనా కడతారా అని!

ఈ మాట నాకు జర్మనీలో వినపడలేదు. మా ఊళ్ళో వినపడింది. మా సమాధుల తోటలో రెండు వైపులున్నాయి. ఒకే జ్ఞానస్నానం పొందినవాళ్ళకి పడుకోడానికి మాత్రం కులాన్ని బట్టి చోటు. నాన్న ఉన్నది దక్షిణం వైపు, మా వాళ్ళ వైపు. తన పాట కోసం అంత పోరాడిన స్త్రీ, గేటు బైట నిలబడ్డ స్త్రీల పాట గురించి ఆలోచించలేదు. ఆమెని ప్రేమిస్తూనే ఈ మాట చెప్పాలి మనం.

నిషేధాలు ఆమెతో పోలేదు. 1903లో పదవ భక్తినాథ పోపు, గాయకులది ఆరాధనలో ఒక పదవి, దానికి స్త్రీలు అర్హులు కారు, గాయక బృందంలోకి వాళ్ళని తీసుకోకూడదని ఆదేశించారు. సన్నని గొంతులు కావాలంటే మగపిల్లల్ని పెట్టుకోమన్నారు. 1955లో పన్నెండవ భక్తినాథ పోపు కొన్ని షరతులతో, పీఠం ఉన్న భాగానికి బైట స్త్రీలు పాడొచ్చన్నారు. 2012లో హిల్డెగార్డ్‌ని శ్రీసభ పండితుల వరసలో చేర్చారు. ఆ గౌరవం పొందిన నాలుగో స్త్రీ ఆమె. మరుసటి ఏడు ఫ్రాన్సిస్ పోపు సువార్త ఆనందం మీద ఒక పెద్ద లేఖ రాశారు. ఎంతో ఇష్టంగా చదివాను. గురుత్వం మగవాళ్ళకే, అది చర్చకి పెట్టే విషయం కాదన్న మాట కూడా అందులోనే ఉంది.

అమ్మకి ఇవేవీ తెలియవు. ఆ ఈస్టర్ రాత్రి, ఇంకా ఏడాది తిరగలేదు, గుళ్ళో కొవ్వొత్తులన్నీ వెలిగాక, కూర్చున్న చాప మీంచే గొంతెత్తింది. ఆ పెద్దావిడ తిరిగి చూసింది. అమ్మ ఆపలేదు. కాసేపటికి మా వరసలో ఆడవాళ్ళంతా అందుకున్నారు.

ఇంటికొస్తూ దారిలో అడిగాను, భయమెయ్యలేదా అని.

"మీ నాన్న సమాధి దగ్గర పాడమన్నారు, పాడాను. గుళ్ళో సంతోషంగా పాడొద్దన్నారు. ఏడవడానికి పనికొచ్చిన గొంతు దీనికెందుకు పనికిరాదే?" అంది.